ముందు ప్లే నొక్కకండి: గోదారి డెల్టా ఇళ్లలో పాత కామెడీ క్యాసెట్లు, సీడీలు కాపాడుకునే పద్ధతి

అటక మీద నుంచి దించిన క్యాసెట్‌ను అదే రోజు వీసీఆర్‌లో పెట్టి ప్లే నొక్కేయడం వల్లే మన వైపు పాత టేపులు ఎక్కువగా పాడవుతున్నాయి. ఇరవై ఏళ్లుగా అటక మీద పోనిది ఆ ఒక్క నిమిషంలో పోతుంది. నేను రావులపాలెంలో టీవీలు, వీసీఆర్‌లు బాగుచేస్తూ బతికినవాణ్ణి. క్యాసెట్లు అద్దెకిచ్చే కాలంలో చుట్టుపక్కల వీడియో షాపుల మెషిన్లు నా బల్ల మీదికి వచ్చేవి. ఇప్పుడు వాళ్ల పిల్లలు క్యాసెట్ల సంచీ పట్టుకుని వస్తున్నారు. "బాబాయ్, ఇందులో ఏదో పాత కామెడీ ఉందంట, పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారా?" అని అడుగుతారు. అందరివీ చేసిచ్చే ఓపిక, టైము నాకు లేవు. పద్ధతి చెబుతాను, శ్రద్ధగా చేస్తే ఇంట్లోనే చేసుకోవచ్చు.

మన దగ్గర టేపుకు అసలు శత్రువు తేమ. టేపులను 18 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో, 30 నుంచి 40 శాతం తేమలో ఉంచాలని చెబుతారు. చుట్టూ కాలవలు, వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరి తోటలు ఉన్న చోట వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. 65 దాటితే బూజుకు పండగ. వీహెచ్ఎస్, అంటే మన ఇళ్లలో ఉండే మామూలు వీడియో క్యాసెట్, టేపు మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. పల్చని పాలియెస్టర్ పొర మీద అయస్కాంతపు పొడిని జిగురులాంటి పదార్థంతో అంటించి తయారు చేస్తారు. బూజు తినేది ఆ జిగురునే. జిగురు పోతే పొడి రాలుతుంది, పొడితో పాటు బొమ్మా మాటా పోతాయి. మీకు తెలిసినవాళ్ల హైదరాబాద్ ఇంట్లో అదే ఏడాది కొన్న క్యాసెట్ శుభ్రంగా ఉండి, రాజోలులో మీది తెల్లబడిందంటే కారణం ఇదే.

ఏ క్యాసెట్ ముందు?

సంచీ మొత్తం ఒకేసారి మొదలెట్టకండి. ఒక్కో టేపు ఎంతసేపు ఆడుతుందో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికీ అంతసేపు పడుతుంది. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు, శుభ్రం చేసే టైము వేరే. అందుకని ముందు విడదీసుకోవాలి.

కంపెనీ అచ్చు వేసి అమ్మిన సినిమా క్యాసెట్లు చివరికి పెట్టండి. జంధ్యాల గారు నరసాపురం మనిషి, ఈవీవీ గారిది కొవ్వూరు వైపు. వాళ్ల సినిమాల మీద మనవాళ్లకు ఉన్న మమకారం వేరు. ఆ క్యాసెట్ ముట్టుకుంటేనే మనసు ఊగుతుందని నాకు తెలుసు. కానీ ఆ సినిమాల్లో చాలావాటికి మన టేపు కంటే మంచి ప్రింటు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం' కూడా అంతే. 313 ఎపిసోడ్ల సీరియల్, ఆన్‌లైన్‌లో హాయిగా చూసుకోవచ్చు. దాని కోసం మీ మెషిన్ హెడ్‌ను, అంటే టేపు మీది బొమ్మను చదివే భాగాన్ని, అరగదీసుకోవద్దు.

ముందు చేయాల్సినవి మీ ఇంట్లో ఎవరో టీవీ నుంచి రికార్డు చేసిన టేపులు. దూరదర్శన్ రోజుల నాటి హాస్య కార్యక్రమాలు, ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందోబ్రహ్మ' లాంటివి, పండగ రోజు ప్రత్యేక నాటికలు, కామెడీ సీన్ల మధ్య వచ్చిన ప్రకటనలు, అనౌన్సరు మాటలు. ఆ రోజు ఆ గంటలో ప్రసారమైనది ప్రసారమైనట్టు మీ టేపు మీదే ఉండి ఉండొచ్చు. వీటిని చెరిపే అధికారం ఎవరికీ లేదన్నట్టు చూసుకోండి. క్యాసెట్ వీపు వైపు ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరగ్గొట్టకుండా ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఇప్పుడే విరిచేయండి. ఇక ఎవరు పొరపాటున రికార్డు నొక్కినా మెషిన్ ఒప్పుకోదు.

పెళ్లి క్యాసెట్లను కూడా ఈ లెక్కలోనే పెట్టండి. ఎందుకో చెబుతాను. ఇ-180 క్యాసెట్‌లో మూడు గంటలు పడుతుంది. పెళ్లి రెండు గంటల్లో అయిపోయేది. మిగిలిన గంటను మనవాళ్లు వృథా పోనిచ్చేవారు కాదు. అంబాజీపేట నుంచి ఒకావిడ మావగారి షష్టిపూర్తి టేపు తెచ్చారు. భోజనాలు అయ్యాయి, ఫొటోలు అయ్యాయి, తెర నల్లబడింది. ఆవిడ లేవబోతుంటే, ఉండమని టేపును అలాగే తిరగనిచ్చాను. కాసేపటికి దూరదర్శన్ హాస్య నాటిక ఒకటి మధ్యలోంచి మొదలైంది. "ఆయ్, ఇది మావయ్యగారే పట్టుంటారండి, ఆదివారం మా ఇంట్లో ఆయన ముందు ఎవరూ మాట్లాడకూడదు" అన్నారావిడ. ఆ నాటిక ఇంకెక్కడా నాకు కనపడలేదు. అందుకే ఏ టేపు అయినా చివర పారదర్శకంగా ఉండే ముక్క వచ్చేదాకా చూడాలి. తెర నల్లబడగానే ఆపేస్తే అసలైనది పోగొట్టుకుంటారు.

కిటికీలోంచి చూడటం

క్యాసెట్‌ను వెలుతురులోకి తెచ్చి, పై కిటికీ మీద టార్చి లైటు ఏటవాలుగా వేయండి. రీలు చుట్టల అంచు నల్లగా, నున్నగా, ఒకే మట్టంగా మెరవాలి. ముగ్గు చల్లినట్టు తెల్లని మచ్చలు గానీ, బూడిద రంగు పొర గానీ కనిపిస్తే అది బూజు. చుట్టల మధ్య మెట్లు మెట్లుగా కనిపిస్తే టేపు వదులై ఎత్తుపల్లాలుగా చుట్టుకుందన్నమాట. అది ప్రమాదం కాదు, తరువాత సరిచేయొచ్చు.

ఇంకా లోపల చూడాలంటే క్యాసెట్ పక్కన చిన్న మీట ఉంటుంది, అది నొక్కితే ముందున్న ప్లాస్టిక్ తలుపు పైకి లేస్తుంది. అక్కడ టేపు అడ్డంగా కనపడుతుంది. వేలితో ముట్టుకోకండి, వేలి జిడ్డు కూడా టేపుకు హానే. కింద వైపు మధ్యలో ఒక చిన్న రంధ్రం ఉంది. అందులో పెన్సిల్ మొన పెట్టి లోపలికి నొక్కి ఉంచితే రీళ్ల తాళం వదులుతుంది. అప్పుడు రీలును చేత్తో కొంచెం తిప్పి మరికొంత టేపును చూడొచ్చు. ముడతలు, అంచు చిరుగులు, తెల్లపొడి ఏమున్నా ఇక్కడ బయటపడతాయి. వాసన కూడా చూడండి. తడి గోనెసంచి వాసన వస్తే పైకి కనపడకపోయినా లోపల బూజు ఉందని లెక్క.

బూజు ఉన్న క్యాసెట్‌ను వెంటనే జిప్ కవర్‌లో పెట్టి వేరే పెట్టేయాలి. మిగతావాటితో కలపకూడదు. మెషిన్‌లో అసలే పెట్టకూడదు. బూజు హెడ్‌కు అంటుకుంటుంది, అక్కడి నుంచి మీరు తరువాత పెట్టే మంచి క్యాసెట్‌కు ఎక్కుతుంది. ఒక్క క్యాసెట్‌తో పోయేది పది క్యాసెట్లకు పాకుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండండి. మిగతావాళ్లు మాస్కు పెట్టుకుని, గదిలో కాకుండా అరుగు మీదో డాబా మీద నీడలోనో కూర్చుని చేయండి.

బూజు శుభ్రం చేసే ముందు దాన్ని ఎండగట్టాలి. ఎండలో కాదు, ఎండ వేడికి టేపు సాగిపోతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో క్యాసెట్‌తో పాటు సిలికా జెల్ పొట్లాలు వేసి పది పదిహేను రోజులు మూత తీయకుండా ఉంచండి. తడి బూజును తుడిస్తే నూనెలా పాముతుంది. ఎండిన బూజు పొడిలా రాలిపోతుంది. నీలం రంగు సిలికా జెల్ అయితే తేమ తాగాక గులాబీ రంగుకు మారుతుంది. దాన్ని సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతుంది, పారేయనక్కర్లేదు. వంటకు వాడే గిన్నెలో మాత్రం చేయకండి. ఈ పనికి సంక్రాంతి వెళ్లాక శివరాత్రి వరకు ఉండే మధ్యాహ్నాలు మంచివి. శ్రావణమాసంలో ముసురు పట్టినప్పుడు క్యాసెట్ విప్పడం అనవసరం.

ఆ తరువాత క్యాసెట్ విప్పాలి. అడుగున ఐదు స్టార్ మరలు ఉంటాయి. మరలు తీశాక క్యాసెట్‌ను మామూలుగా, కిటికీ పైకి ఉండేలా తిప్పి, బల్ల మీద ఉంచి పై మూత నిదానంగా ఎత్తండి. మూత ఎత్తగానే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. చిన్న రోలర్లు, టేపు వెళ్లే దారి, స్ప్రింగు ఎక్కడెక్కడున్నాయో మళ్లీ బిగించేటప్పుడు ఆ ఫొటోయే దిక్కు. పనికిరాని పాత క్యాసెట్ ఒకటి, బూజు లేనిది, దగ్గర పెట్టుకోండి. దాని డొల్లలోకి మీ రీళ్లు రెండూ మార్చేస్తే సగం బూజు పాత డొల్లతోనే పోతుంది. రీలు అంచులను పొడి మెత్తటి గుడ్డతో, పోగులు రాలనిదై ఉండాలి, లోపలి నుంచి బయటికి తుడవండి. టేపు మీద స్పిరిట్ పోయకండి. తరువాత ఒక పాత రివైండర్ మీదనో, పోయినా బాధ లేని మెషిన్ మీదనో ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టించి, మధ్యలో అక్కడక్కడ ఆపి, గుడ్డ మడతతో టేపు రెండు వైపులా సుతారంగా తుడవాలి. గుడ్డ మురికవగానే మార్చాలి. ఓపిక పరీక్షించే పని ఇదొక్కటే. దీన్ని తొందరపడి చేసేకంటే చేయకపోవడం మేలు.

టేపు తెగి ఉంటే సెల్లోటేపుతో అతికించవద్దు. దాని జిగురు కారి హెడ్‌కు పట్టేస్తుంది. టేపులు అతికించడానికి వేరే స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది. నలిగిన ముక్క కత్తిరించి, రెండు చివరలూ తిన్నగా కలిపి, హెడ్‌కు తగలని లోపలి వైపు మాత్రమే అంటించాలి. భయపడకండి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో టేపు సెకనుకు రెండు సెంటీమీటర్ల పైచిలుకు నడుస్తుంది. ఐదు సెంటీమీటర్లు కోసినా పోయేది రెండు సెకన్లే.

మెషిన్

కొత్త వీసీఆర్ ఇప్పుడు ఎక్కడా లేదు. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016లో తయారీ ఆపేయడంతో అది అయిపోయింది. ఏది కొన్నా వాడినదే. మన ఊళ్లలో పండగలకు, పెళ్లిళ్లకు అద్దెకు తిరిగిన వీసీపీలు కొన్ని ఇళ్లలో మూలన ఉన్నాయి. వీసీపీ రికార్డు చేయదు, చూపించడానికి మాత్రమే పనికొస్తుంది. మన పనికి అది చాలు, పైగా చెరిపేసే భయం లేదు.

చాలా ఏళ్లుగా కరెంటు పెట్టని మెషిన్‌కు ఒక్కసారిగా ప్లగ్ పెట్టకండి. మెకానిక్‌కు చూపించి పవర్ సప్లై కెపాసిటర్లు, రబ్బరు బెల్టులు, టేపును నొక్కి లాగే రబ్బరు చక్రం, అంటే పించ్ రోలర్, సరిచేయించండి. రబ్బరు గట్టిపడ్డ పించ్ రోలర్ టేపును నమిలేస్తుంది. "మెషిన్ టేపు తినేసింది" అని జనం అనేవి చాలావరకు ఈ రబ్బరు పనే.

హెడ్ శుభ్రం చేసుకోవడం నేర్చుకుంటే మీ పని సగం అయినట్టే. ప్లగ్ తీసేసి పై మూత విప్పండి. మధ్యలో మెరుస్తూ కొంచెం వాలుగా నిలబడి ఉండే గుండ్రటి స్తంభమే డ్రమ్. దాని అంచున గోరు మొన కంటే చిన్న హెడ్లు ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, అది 99 శాతం ఉన్నదై ఉండాలి, మెత్తని తోలు ముక్క తడిపి డ్రమ్ పక్కకు ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ పైభాగం పట్టుకుని నిదానంగా తిప్పండి. తిరగాల్సింది డ్రమ్, మీ తోలు కాదు. కిందికీ పైకీ ఒక్కసారి రాసినా హెడ్ విరుగుతుంది. చెవులకు వాడే దూది పుల్ల వద్దు, దాని పోగులు హెడ్ సందులో ఇరుక్కుంటాయి. తోలు మీద నల్లటి గీత రావడం ఆగేదాకా చేయండి. తరువాత పావుగంట ఆరనివ్వండి. టేపు దారిలో ఉన్న పించ్ రోలర్‌నూ, పక్కనే నిలువుగా ఉండే ఆడియో హెడ్‌నూ కూడా తుడవండి. పించ్ రోలర్ రబ్బరుకు మాత్రం నీళ్లు కలిపిన కొద్దిపాటి సబ్బు చాలు.

మూత తీసిన మెషిన్ టేపును పెట్టగానే బయటికి తోసేసినా, ఆగిపోయినా బెంబేలు పడకండి. టేపు రెండు చివరల్లో పారదర్శకమైన ముక్క ఉంటుంది. అందులోంచి వెలుతురు దూరితే 'టేపు అయిపోయింది' అని మెషిన్‌కు తెలుస్తుంది. గదిలో ట్యూబ్‌లైటు వెలుతురు దాన్ని పసిగట్టే కన్ను, అంటే సెన్సర్, మీద పడితే మెషిన్ మోసపోతుంది. మూత పెట్టండి, లేదా అట్ట అడ్డం పెట్టండి.

మెషిన్ సిద్ధమయ్యాక ముందు పోయినా ఫరవాలేని క్యాసెట్‌తో పరీక్షించండి. అది నమలకుండా బయటికి వస్తేనే మీ అసలు టేపు పెట్టండి. ఆ టేపును కూడా ప్లే చేసే ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి చుట్టించండి. అతుక్కున్న చుట్టలు విడిపోయి బిగువు సమానమవుతుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం

వీసీఆర్ వెనుక పసుపు, తెలుపు, ఎరుపు తీగలు తగిలించే చోట్ల నుంచి వీడియో క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్ యూఎస్‌బీలోకి వెళ్లాలి. పసుపు బొమ్మకు, మిగతా రెండూ శబ్దానికి. ఓబీఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. సెట్టింగుల్లో పాల్, 720×576, సెకనుకు 25 ఫ్రేములు అని ఉండాలి. నాణ్యత తగ్గించి చిన్న ఫైలు చేయాలనే ఆశ మొదట్లోనే పడకండి. కంప్యూటర్‌లో ఖాళీ ఉంటే ఏమీ పోని (లాస్‌లెస్) పద్ధతిలో రికార్డు చేయండి, గంటకు ఇరవై ఐదు ముప్పై జీబీ అవుతుంది. చిన్నది తరువాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, పెద్దది మళ్లీ రాదు. ఇంటర్నెట్ వీడియోలకు అలవాటు పడ్డ కళ్లకు బొమ్మ మీద దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. అది టేపు లోపం కాదు. పాత టీవీకి బొమ్మను రెండు సగాలుగా పంపేవారు, అందువల్ల వస్తుంది. తరువాత డీఇంటర్‌లేస్ చేస్తే పోతుంది.

అమెరికా నుంచి బంధువులు పంపిన టేపు అయితే బొమ్మ నలుపు తెలుపులో రావచ్చు, పైకీ కిందికీ దొర్లవచ్చు. అది అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో పట్టిన టేపు. వీసీఆర్‌లోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ మాట మార్చండి. గల్ఫ్ నుంచి వచ్చినవి చాలావరకు మన పాల్‌వే, వాటితో ఇబ్బంది ఉండదు.

బొమ్మలో అడ్డంగా ఒక పట్టీ చిటపటలాడుతుంటే ట్రాకింగ్ బటన్ నిదానంగా తిప్పుతూ అది మాయమయ్యే చోట ఆపండి. హెడ్ మళ్లీ తుడిచినా తెర అంతటా సమానంగా చుక్కలు చుక్కలుగా ఉంటే మాత్రం ట్రాకింగ్ తిప్పి లాభం లేదు. ఆ రోజు డాబా మీద యాంటెన్నా సరిగా పట్టక, చుక్కలతోనే రికార్డయి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు పట్టుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది చెబుతాను. మన కామెడీ మాటల కామెడీ. గోదారి యాసలో సాగదీసి, మధ్యలో ఒక క్షణం ఆగి, పక్కవాడు అందుకునే మాట. బొమ్మ మసకబారినా నవ్వొస్తుంది, మాట మసకబారితే రాదు. అందుకని శబ్దానికి బొమ్మ కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మాట అడుగున నుంచి వస్తున్నట్టు, 'స', 'శ' తేడా తెలియకుండా ముద్దగా ఉంటే ముందు ఆడియో హెడ్ మళ్లీ తుడవండి. అప్పటికీ అలాగే ఉంటే హెడ్ వంపు సరిచేసే చిన్న మర ఉంటుంది, అది మెకానిక్ చేత చేయించండి. హైఫై వీసీఆర్ అయితే హైఫై, మామూలు ట్రాకులు రెండూ విని చూసి బాగున్నది ఎంచుకోండి. వాల్యూమ్ మీటరు ఎర్రగీత దాటకూడదు. గట్టిగా అరిచే సీను ఒకటి వెతికి, దానికి తగ్గట్టు మీటరు సరిచేసుకున్నాకే రికార్డు మొదలెట్టండి. బుసబుస పోవాలని సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ గట్టిగా పెడతారు చాలామంది. వద్దు. బుసతో పాటు వత్తులు, హకారాలు, ఊపిరి పీల్చే చప్పుడు అన్నీ పోతాయి. నటుడు మాట మింగేశాడా అన్నట్టు తయారవుతుంది. ఆ బుస ఉండనివ్వండి, ఐదు నిమిషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది.

రికార్డింగ్ చివరికి వచ్చేసరికి పెదవుల కదలికకూ మాటకూ తేడా రావచ్చు. మొదట్లో బాగానే ఉండి గంటన్నర తరువాత మాట వెనకబడుతుంది. అందుకే ఫైలు మొదట్లో, మధ్యలో, చివర మూడు చోట్ల చూడండి. కామెడీలో అర సెకను ఆలస్యం కూడా సీను చంపేస్తుంది. తేడా ఉంటే టేపును అరగంట అరగంట ముక్కలుగా రికార్డు చేసుకోండి.

ఇంకో సందేహం చాలామంది అడుగుతారు. హాల్లో రెండున్నర గంటలు నడిచిన సినిమా క్యాసెట్‌లో 144 నిమిషాలకే అయిపోయింది, ఆరు నిమిషాలు కత్తిరించారా అని. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ వీడియో 25. అదే సినిమా కొంచెం వేగంగా నడుస్తుంది, గొంతులు కూడా పిసరంత సన్నబడతాయి. లెక్క సరిగ్గా 144కే వస్తుంది. అంతకంటే తక్కువ ఉంటేనే పాటో, సీనో లేపేశారని అనుమానించండి.

వీసీడీలు, డీవీడీలు

వీటి పని తేలిక కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వీసీడీ, అంటే వీడియో సీడీ, ఒక్కోదానిలో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది. రెండు డిస్కుల్లో రెండున్నర గంటలకు అటూ ఇటూ. అంతకంటే పొడుగు సినిమాలకు మూడో డిస్కు వేసేవారు, లేదంటే ఏ పాటనో తీసేసేవారు. అందుకని కవర్ మీద పేరు ఉందని సంపూర్ణ సినిమా అనుకోకండి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మిన కాలంలో మన పేటల్లో ఫ్యాన్సీ షాపుల్లో కూడా కామెడీ సినిమాలు దొరికేవి. అచ్చు డిస్కులు కాబట్టి వాటిలో చాలావి ఇంకా బాగానే నడుస్తాయి. అడుగు వైపు ఊదా, ఆకుపచ్చ ఛాయ ఉన్నవి ఇంట్లోనో షాపులోనో కాపీ చేసినవి. వాటి రంగు పొర వెలుతురుకు పాడవుతుంది, వాటినే ముందు ఎక్కించండి.

డిస్కు మెరిసే వైపే సున్నితమని అందరూ అనుకుంటారు. సీడీలో సమాచారం ఉన్న పొర బొమ్మ అచ్చేసిన పై వైపు, పల్చని లక్క కింద ఉంటుంది. అక్కడ గీత పడితే ఇక బాగుకాదు. బాల్‌పెన్నుతో పేరు రాయడం, స్టిక్కరు పీకడం అక్కడే ముప్పు తెస్తాయి. డిస్కును లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తే ఆ పొర రాలుతోందని గుర్తు. కింద వైపు గీతలకు మాత్రం కంగారు పడనక్కర్లేదు. కొంచెం సబ్బునీళ్లతో కడిగి, మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే గీత సమాచారం వెంబడే పోతుంది. టూత్‌పేస్టు రుద్దడం మానేయండి.

వీసీడీని కంప్యూటర్‌లో పెడితే ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డరులో .DAT అని ముగిసే ఫైలు ఉంటుంది. అదే సినిమా. వీఎల్‌సీలో నేరుగా ఆడుతుంది. కాపీ మధ్యలో ఆగిపోతే అది వీసీడీ స్వభావం. ఎక్కువ నిమిషాలు పట్టించడం కోసం అందులో తప్పులు సరిదిద్దే అదనపు ఏర్పాటు తగ్గించారు. చెడిన సెక్టార్లను దాటుకుని మిగతాది చదివే ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడండి, డ్రైవు వేగం తగ్గించండి, వేరే డ్రైవులో కూడా ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవని డిస్కును ఇంకోటి చక్కగా చదవడం నా బల్ల మీద తరచూ చూస్తుంటాను.

దాచడం

పని అయ్యాక అసలు టేపును పారేయకండి. చివరిదాకా చుట్టి, పుస్తకంలా నిలువుగా, నిండు రీలు కింది వైపుకు వచ్చేలా పెట్టండి. పడుకోబెడితే చుట్టలు జారి అంచులు నలుగుతాయి. అటక వద్దు, పెంకుటింట్లో వేసవి వేడి అక్కడే ఉంటుంది. వాన కొట్టే బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు. స్పీకరు, ఇన్వర్టరు పక్కన వద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, లోపలి గది బీరువా పై అరలో ఉంచండి. బొద్దింకలకని నాఫ్తలీన్ ఉండలు వేస్తారు, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కు మంచిది కాదు. వేపాకు వేస్తే పచ్చి ఆకు తేమనే ఇస్తుంది.

లంక గ్రామాల వాళ్లకు ఒక మాట. 1986 వరద, 1996 నవంబరు తుఫాను, 2022 జూలై వరద చూసినవాళ్లం. డబ్బా కింది అరలో ఉంటే ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పోతుంది. ఒకవేళ క్యాసెట్ వరదనీళ్లలో మునిగితే వెంటనే ఎండలో పెట్టకండి, మెషిన్‌లో పెట్టకండి. బురద ఎండితే గీరుకుపోతుంది. విప్పి, రీళ్లను మంచినీళ్లలో, చివరగా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా జాడించి, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక పైన చెప్పినట్టు చుట్టించండి.

కంప్యూటర్‌లోకి ఎక్కిన ఫైలును రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. పెన్‌డ్రైవు చాలదు. ఏడాదికోసారి హార్డ్‌డిస్కు తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఫైలుకు 'వీడియో 1' అని పేరు పెట్టకండి. ఏ కార్యక్రమం, ఏ ఛానల్, సుమారుగా ఏ సంవత్సరం, ఎవరు రికార్డు చేశారు, ఎవరి క్యాసెట్ అని పేరులోనే రాయండి. కంపెనీ క్యాసెట్ల అట్టపెట్టె రెండు వైపులా, అంటించిన కాగితం మీది చేతిరాతా ఫొటో తీసి అదే ఫోల్డరులో వేయండి.

ఇవన్నీ మీ ఇంటి వాడకానికే. మన చట్టం ప్రకారం సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి వీడియో షాపు కాలం నాటి కామెడీల హక్కులు ఇంకా వాటి యజమానులవే. వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో పెట్టేయకండి. మరెక్కడా దొరకని టీవీ కార్యక్రమం మీ దగ్గర బయటపడితే, దాని యజమాని ఛానల్‌కు ఉత్తరమో ఈమెయిలో రాసి మీ దగ్గర ఉందని చెప్పండి. రాసేటప్పుడు టేపు ఏ స్థితిలో ఉంది, ఎన్ని నిమిషాలు ఉంది, మొదలూ చివరా ఉన్నాయా అన్నవి రాయండి, ఒక నిమిషం ముక్కను జతచేయండి. అసలు క్యాసెట్‌ను మాత్రం పోస్టులో పంపకండి, వాళ్లు అడిగితే మీరే పట్టుకెళ్లి, రసీదు తీసుకుని ఇవ్వండి.